ఫర్నేస్ వేడి చేరని గదికి గ్యాస్ స్టవ్: ఏ రకం తీసుకోవాలి?

అరోరా_గృహస్థు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము కొలరాడోలో, డెన్వర్ పక్కనున్న అరోరాలో, 1978లో కట్టిన ఇంట్లో ఉంటున్నాము. పాత యజమాని ఇంటి వెనుక అదనంగా కట్టించిన 420 చదరపు అడుగుల గదికి ఫర్నేస్ (ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రం) డక్ట్, అంటే ఆ గాలి వచ్చే గొట్టం, వేయించలేదు కాబట్టి, డిసెంబరు నుండి మార్చి వరకు ఆ గది తలుపు మూసే ఉంటుంది. వచ్చే చలికాలానికి గుంటూరు నుండి అమ్మ, నాన్నగారు వస్తున్నారు. మెట్లు ఎక్కలేని నాన్నగారికి పడుకోవడానికి ఆ గదే ఇవ్వాలి, పైగా ఆయనకు ఉబ్బసం ఉంది.

అందుకని గదిలో నిలబెట్టే గ్యాస్ స్టవ్ ఒకటి కొనాలని అనుకుంటున్నాము. (స్టవ్ అనగానే అమ్మ ఫోనులో "పడకగదిలో వంటెందుకురా?" అని అడిగింది. నేను చెప్పేది చలి కాచుకునే కుంపటి లాంటి దాని గురించే.) దుకాణంలో గంటకు 40,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) డైరెక్ట్ వెంట్ స్టవ్ ఒకటి, పొగగొట్టమే అక్కరలేని 30,000 బీటీయూల స్టవ్ ఒకటి చూపించారు. రెండవది చౌక, గోడకు రంధ్రం పెట్టే పని లేదు, 99 శాతం వేడి గదిలోనే ఉంటుందని కూడా చెప్పారు. ఇంట్లో సహజవాయువు లైను ఉంది. మీరైతే దేనిని ఎంచుకుంటారు?

మంచుదేశపు_మెకానికల్

గొట్టం లేనిదాన్ని ముందుగా పక్కన పెట్టండి. వేడి అంతా గదిలోనే ఉంటుందన్న మాట నిజమే కానీ, వేడితో పాటు మంట విడిచేవన్నీ గదిలోనే ఉంటాయన్న మాటను అమ్మేవారు చెప్పరు. 30,000 బీటీయూల మంట గంటసేపు వెలిగితే లీటరు పైచిలుకు నీరు ఆవిరిగా గదిలోకి వస్తుంది. అది చల్లని కిటికీ అద్దాల మీద, గోడ మూలల్లో చెమ్మగా దిగి బూజుకు దారి తీస్తుంది. దానితో పాటు వెలువడే నైట్రోజన్ డయాక్సైడ్ ఉబ్బసం ఉన్నవారికి మంచిది కాదు. అదీగాక, ఇటువంటి హీటర్లను అనుమతించే చోట్ల కూడా పడకగదిలో 10,000 బీటీయూలకు మించి పెట్టకూడదని గ్యాస్ కోడ్ చెబుతుంది. కాలిఫోర్నియాలో ఇళ్లలో వీటికి అసలు అనుమతే లేదు.

డైరెక్ట్ వెంట్ పద్ధతి వేరు. ఒక గొట్టంలో మరొక గొట్టం ఉంటుంది; బయటి గొట్టం గుండా మంటకు కావలసిన గాలి ఆరుబయటి నుండి వస్తుంది, లోపలి గొట్టం గుండా పొగ బయటకు పోతుంది. మంట గాజు వెనుక మూసి ఉంటుంది కాబట్టి గదిలోని గాలితో దానికి పని లేదు, పడకగదిలోనూ పెట్టుకోవచ్చు.

అయితే మంట అందాన్ని చూసి కొనకండి. స్టవ్ అడుగునో వెనుకనో ఉండే లోహపు పట్టీ మీద ఏ ప్రమాణం రాసి ఉందో చూడండి. ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) జెడ్ 21.88 అని ఉంటే అది హీటరుగా పరీక్షించినది, జెడ్ 21.50 అని ఉంటే అలంకారానికి చేసినది. షోరూంలో రెండూ ఒకేలా వెలుగుతాయి.

40,000 మాత్రం మీ గదికి ఎక్కువని నా అభిప్రాయం. అతి పెద్ద స్టవ్ పది నిమిషాల్లో గదిని ఉడికించి ఆగిపోతుంది, మళ్లీ చల్లబడ్డాక వెలుగుతుంది. ఊహతో పని లేకుండా, ఒక చలి రాత్రి ఆ గదిలో 1,500 వాట్ల విద్యుత్ హీటర్లు రెండు, వేర్వేరు సర్క్యూట్ల మీద, దగ్గర ఉండి నడిపి చూడండి. ఒక్కొక్కటి గంటకు సుమారు 5,100 బీటీయూలు ఇస్తుంది. గది ఎన్ని డిగ్రీల వద్ద నిలిచిందో, బయట ఎంత ఉందో రాసి పెట్టండి.

డల్లాస్_వాసి

ఒక్క మాట చేరుస్తాను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌లో కరెంటు పోయినప్పుడు మా ఇంటికి గ్యాస్ వస్తూనే ఉంది, కానీ ఫ్యాను తిరగనిదే ఫర్నేస్ పని చేయదు కదా. హాల్లో బిల్డరు పెట్టిన గ్యాస్ ఫైర్‌ప్లేస్ వెలిగించుకుని కూర్చుంటే ముఖం కాలింది, వీపు గడ్డకట్టింది. గదిలోని వెచ్చని గాలి చిమ్నీలోంచి పైకి పోయింది. అది అలంకారపు రకమని అప్పుడు గాని తెలియలేదు. కాబట్టి కరెంటు లేకుండా వెలిగేదేనా అని తప్పక అడగండి. ఎప్పుడూ వెలుగుతుండే పైలట్ మంట (పెద్ద మంటను అంటించే చిన్న మంట) ఉన్నవి ఆ మంట వేడితోనే తమకు కావలసిన కొద్దిపాటి విద్యుత్తును పుట్టించుకుంటాయి, కానీ ఆ పైలట్ రోజంతా గ్యాస్ తింటుంది. అవసరమైనప్పుడే పైలట్ వెలిగే రకంలో బ్యాటరీ సదుపాయం ఉంటే రెండు విధాలా మేలు.

అరోరా_గృహస్థు

నిన్న రాత్రి పరీక్ష చేశాను. బయట మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ ఉండగా రెండు హీటర్లతో గది 20 డిగ్రీల వద్ద నిలిచింది. దీన్ని బట్టి 10,000 బీటీయూల స్టవ్ చాలుతుందా?

మంచుదేశపు_మెకానికల్

చాలదు. 32 డిగ్రీల తేడాకు 10,200 బీటీయూలు పట్టాయంటే, డిగ్రీకి సుమారు 320 అన్నమాట. బయట మైనస్ 23కు పడిపోయిన రాత్రి మీకు దాదాపు 13,800 కావాలి. పైగా అది గదికి అందవలసిన వేడి, స్టవ్ మీద పెద్ద అక్షరాలతో రాసేది అది కాల్చే గ్యాస్ లెక్క. మీ ఊరు సముద్రమట్టానికి సుమారు 5,500 అడుగుల ఎత్తున ఉంది. అక్కడి పలుచని గాలికి తగినట్లు వెయ్యి అడుగులకు 4 శాతం చొప్పున మంటను తగ్గించడం వాడుక, అంటే 22 శాతం పోతుంది. 25,000 బీటీయూల స్టవ్ అక్కడ 19,500 మాత్రమే కాలుస్తుంది, అందులో 72 శాతం గదికి అందితే 14,000 వస్తుంది. మీకు కావలసింది సరిగ్గా అంతే. మంటను బాగా తగ్గించుకోగలిగే 25,000 రకాన్ని, మీ ఎత్తుకు తగిన బర్నర్ మార్పుతో సహా అడగండి.

పర్మిట్ తీసుకుని, లైసెన్సున్న వారితోనే బిగింపించండి. ఇప్పుడున్న గ్యాస్ పైపు ఫర్నేస్, వాటర్ హీటరుతో పాటు ఈ అదనపు భారాన్ని మోయగలదో లేదో వారే లెక్క కట్టాలి. నాన్నగారి గది తలుపు దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టండి. పడకగది ద్వారానికి 15 అడుగుల లోపు అది ఉండాలని 2009 నాటి కొలరాడో చట్టం చెబుతోంది. గొట్టం బయటి మూతి పైకప్పు మంచు జారిపడే వైపు రాకుండా చూడండి.

అరోరా_గృహస్థు

వెనుక గోడ వైపే మంచు జారుతుంది, కాబట్టి గొట్టం పక్క గోడలోంచి తీయిస్తాము. దుకాణానికి శనివారం వెళ్లి, ముందు ఆ లోహపు పట్టీ చూపించమని అడుగుతాను.