గుంటూరు కాలేజీలో మూడు గోడల వీఆర్ గది: 25 లక్షల్లో త్రీడీ పెట్టాలా, వద్దా?

బ్రాడీపేట_ల్యాబ్
డిగ్రీ కాలేజీకి వీఆర్ గది, అంటే చుట్టూ గోడల మీద బొమ్మ వేసి అందులోనే ఉన్నట్టు అనిపించే ప్రొజెక్షన్ గది ప్లాన్ వేస్తున్నాం. గది 24×18 అడుగులు, స్లాబు ఎత్తు 11, పై అంతస్తు. పన్నుతో కలిపి 25 లక్షలు. మూడు గోడలు, నేల, త్రీడీ కళ్లద్దాలు, ఒకేసారి 30 మంది... ఇదీ యాజమాన్యం కోరిక. ఈ డబ్బులో త్రీడీ పెట్టాలా, మానేయాలా? లెక్కతో చెప్పండి.

పటమట_ప్రొజెక్టర్
త్రీడీ, నేల రెండూ తీసేయండి. గోడకు 12 అడుగుల వెడల్పు బొమ్మ అనుకుంటే 16:10లో ఎత్తు ఏడున్నర వస్తుంది, అంటే దాదాపు 8.4 చదరపు మీటర్లు. 5,000 ల్యూమెన్ల (మెషిన్ ఇచ్చే మొత్తం వెలుతురు) లేజర్ మెషిన్ కొత్తలో కూడా 600 లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) లోపే ఇస్తుంది. త్రీడీకి వాడే షటర్ కళ్లద్దాలు ఒక్కో కంటిని సగం సేపు మూసేస్తాయి, తెరిచినప్పుడూ వాటి అద్దం కొంత మింగుతుంది. చివరికి కంటికి చేరేది ఐదో వంతో, ఇంకా తక్కువో. పైగా సెకనుకు 120 ఫ్రేములు చూపే 120 హెర్ట్జ్ ప్రొజెక్టర్లే కావాలి, అన్నీ ఒకే క్షణంలో ఫ్రేము మార్చాలి. అంటే ప్రొఫెషనల్ గ్రాఫిక్స్ కార్డు, ఒక కార్డు దాటితే వాటిని ఒకే లయలో నడిపే సింక్ బోర్డు కూడా.

నేల సంగతి: పైనుంచి వేస్తే నిలబడ్డవాళ్ల నీడలే బొమ్మంతా పడతాయి. ఇక 30 మంది అసలు పట్టరు. మూడు గోడల మధ్య మిగిలేది 12×12 అడుగులు. 15 మంది బ్యాచ్ అని ఇప్పుడే రాయించండి.

బెంజిసర్కిల్_విజువల్స్
పటమట గారూ, నేల విషయం ఒప్పుకుంటా, త్రీడీ విషయం ఒప్పుకోను. 1992లో చికాగోలోని ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్లు కేవ్‌ను (ఇలాంటి గోడల వీఆర్ గదినే) చూపించినప్పుడే స్టీరియో (రెండు కళ్లకు వేర్వేరు బొమ్మ, అంటే త్రీడీ), తల ట్రాకింగ్ (తల కదలికను బట్టి బొమ్మ మార్చడం) రెండూ ఉన్నాయి. గుండె గదులు, అణువు ఆకారం లాంటి పాఠాల్లో లోతు తెలియడమే అసలు సంగతి. వెలుతురు చాలదనడం కూడా సరికాదు. సినిమా హాలుకు ప్రమాణం 14 ఫుట్‌లాంబర్టులు (తెర ప్రకాశం కొలత), మామూలు తెల్ల తెర మీద అది 150 లక్స్ చిల్లర. కళ్లద్దాల తర్వాత 100 లక్స్ మిగిలినా చీకటి గదిలో చక్కగా కనిపిస్తుంది.

పటమట_ప్రొజెక్టర్
సినిమా హాల్లో తెర ఒక్కటే అండీ. ఇక్కడ ఎడమ గోడ వెలుతురు కుడి గోడ మీద పడుతుంది, నలుపు బూడిదగా మారుతుంది. దాన్ని తగ్గించడానికి మ్యాట్ గ్రే రంగు వేస్తాం, దాంతో వెలుతురు ఇంకా పోతుంది. ట్రాకర్ కూడా ఒక్కరి తలకే. మిగతా 14 మందికి మూలల దగ్గర గీతలు విరిగినట్టు కనిపిస్తాయి. తరగతికి అది పనికిరాదు.

లెన్స్ ముఖ్యం. మెషిన్ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో. 0.5 త్రో అయితే మెషిన్ గోడకు 6 అడుగుల దూరంలో ఉంటుంది, నీడలు తప్పవు. 0.25 అయితే 3 అడుగులు చాలు. కానీ ఇంత దగ్గరి అల్ట్రా షార్ట్ త్రోకు గోడ ఎగుడుదిగుడుగా ఉంటే గీతలన్నీ వంకర్లు పోతాయి. పుట్టీ పెట్టాక పొడవాటి మట్టపు బద్ద ఆనించి చూడండి, కింద వెలుగు కనిపిస్తే మళ్లీ పూయించండి. స్టాండు ఫాల్స్ సీలింగుకి కాదు, స్లాబుకే యాంకర్ బోల్టులతో బిగించాలి.

అరండల్‌పేట_ఎలక్ట్రికల్
ఏసీ గురించి ఎవరూ మాట్లాడలేదు. మూడు ప్రొజెక్టర్లు ఒక్కోటి 400 వాట్ల దాకా, కంప్యూటర్ 800, మనుషులు తలకు వంద చొప్పున 1,500. మొత్తం మూడున్నర కిలోవాట్లు, ఒక టన్ను దానికే సరి. పై అంతస్తు కాబట్టి మే నెలలో స్లాబు వేడి అదనం. ఒకటిన్నర టన్నువి రెండు పెట్టండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు కంప్యూటర్ ముందు లేచి ప్రొజెక్టర్లు తర్వాత లేస్తే విండోస్ తెరల వరస మార్చేయవచ్చు, ఎడమ గోడ బొమ్మ కుడి గోడకు పోతుంది. కార్డు సెట్టింగుల్లో ఈడీఐడీని (తెర తన వివరాలను కంప్యూటర్‌కు చెప్పే సమాచారం) లాక్ చేయించండి. ఆన్‌లైన్ రకం యూపీఎస్ 3 కేవీఏ చాలు, ఏసీలు దానికి కలపొద్దు.

పన్ను మాట: ప్రొజెక్టర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 కాదు, 18 శాతం. పాత కొటేషన్లను కొత్త పన్నుతో మళ్లీ ఇమ్మనండి. డిగ్రీ చదువుకు పన్ను మినహాయింపు ఉంది కాబట్టి కాలేజీకి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోవడం) రాదు. పన్ను మొత్తం ఖర్చే.

ఉండవల్లి_360
త్రీడీ గొడవ కన్నా ముందు ఏం చూపిస్తారో తేల్చండి. చదరపు గదిలో మూడు గోడలు 270 డిగ్రీలు. 4కే 360 వీడియోలో (చుట్టూ అంతా ఒకేసారి తీసేది) చుట్టూరా ఉండేది 3,840 పిక్సెళ్లు, మీ గోడలకు దక్కేది 2,880. గోడల మీద మాత్రం మూడు 1,920లు, అంటే 5,760. బొమ్మ మసకేస్తుంది, ప్రొజెక్టరు బాలేదని అంతా అంటారు. 8కే తీస్తే 7,680లో ముప్పావు సరిగ్గా 5,760. ఉండవల్లి గుహల్లో తీద్దామనుకుంటే, అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నాయి, ట్రైపాడ్ పెట్టే ముందు అనుమతి తీసుకోండి. కంటెంట్‌కు 4 లక్షల కన్నా తగ్గిస్తే ఆ గది ఏడాది తిరక్కుండా సెమినార్ హాలైపోతుంది.

బ్రాడీపేట_ల్యాబ్
అందరికీ ధన్యవాదాలు. ఇలా పంచుతున్నా: ప్రొజెక్టర్లు 9, కంప్యూటర్ 4, గోడలు, రంగు, స్టాండ్లు రెండున్నర, ఏసీ, యూపీఎస్, వైరింగ్ 3, కంటెంట్ 4. మిగిలిన రెండున్నర చేతిలో.

బెంజిసర్కిల్_విజువల్స్
ఆ రెండున్నరలోంచి ఎదుటి గోడకు మాత్రం స్టీరియో పెట్టుకోండి. కార్డు ఎలాగూ ప్రొఫెషనల్‌దే కొంటున్నారు. పక్క గోడలు ఆపేస్తే ఎదురు వెలుతురు సమస్యా ఉండదు. ట్రాకర్ అక్కర్లేదు, 15 కళ్లద్దాలు చాలు.

పటమట_ప్రొజెక్టర్
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ మోడల్ 120 హెర్ట్జ్ స్టీరియోను పూర్తి రిజల్యూషన్‌లో తీసుకుంటుందో, తగ్గించి తీసుకుంటుందో స్పెక్ షీటులో చూడండి. అమ్మేవాళ్లను మీ గోడ మీదే వేసి చూపించమనండి, అదీ మధ్యాహ్నం పూట, తలుపు సందులోంచి వెలుతురు వచ్చే వేళ.