రూట్ కెనాల్ పన్ను మీది జిర్కోనియా క్యాప్ రెండోసారి ఊడింది. మళ్లీ అతికించాలా, పీకించాలా?

కృష్ణాతీరం:
కింది ఎడమ దవడ పన్ను, 36వ నంబరు. నొప్పి లేదు. లోపలి మోడు చిగురు కంటే కాస్తే పైకి కనిపిస్తోంది. ఒక డాక్టరుగారు అతికిస్తే చాలంటున్నారు, ఇంకొకరు పీకి ఇంప్లాంట్ పెడదామంటున్నారు. ఏది నయం?

చిగురుగట్టు:
ముందు ఊడిన క్యాప్ లోపలికి చూడండి. సిమెంటంతా క్యాప్‌కే ఉండి మోడు నున్నగా ఉంటే, పంటివైపు పట్టు పోయినట్టు. సిమెంటు మోడు మీదే మిగిలితే లోపం క్యాప్ వైపు. పంటి ముక్క కూడా ఊడొస్తే మోడే విరిగింది, ఇక అతికింపు దండగ.

మీది ఎత్తు సమస్యలాగుంది. క్యాప్ అంచుకి పైన చుట్టూరా 1.5 నుంచి 2 మి.మీ. గట్టి సొంత పన్ను ఉండాలి. ఫెరూల్ అంటారు, బండిచక్రానికి ఇనపపట్టా బిగించినట్టు క్యాప్ దాన్నే పట్టుకుంటుంది. ఫిల్లింగుతో కట్టిన ఎత్తు ఈ లెక్కలోకి రాదు. పోస్ట్ (వేరులోకి దింపే కడ్డీ) వేస్తే సరిపోతుందంటారు గానీ, అది పైనున్న కోర్‌ని (ఫిల్లింగుతో కట్టిన మోడుని) నిలబెడుతుందే తప్ప పంటికి బలమివ్వదు.

ల్యాబ్‌బల్ల:
ఎత్తు బాగున్నా జిర్కోనియా ఊడుతుంది, ఉమ్మి వల్ల. అమర్చి చూసేటప్పుడు ఉమ్మిలోని ఫాస్ఫేట్ క్యాప్ లోపలి గోడకి పట్టేస్తుంది, నీళ్లకి పోదు. ఫాస్ఫారిక్ యాసిడ్‌తో కడిగితే ఇంకా చేటు, అదీ ఫాస్ఫేటే కదా. 50 మైక్రాన్ల అల్యూమినా పొడి తక్కువ ఒత్తిడితో కొట్టించి, ఎండీపీ (జిర్కోనియాని పట్టుకునే రసాయనం) ఉన్న ప్రైమర్ రాసి, రెసిన్ సిమెంటుతో అతికించాలి.

చిగురుగట్టు:
ఫెరూల్ లేకపోతే క్రౌన్ లెంగ్తెనింగ్ ఉందండీ. చిగురు, కొద్దిగా ఎముక తగ్గించి పన్నుని బయటపెడతారు. క్యాప్ అంచుకీ ఎముకకీ మధ్య సుమారు 3 మి.మీ. మిగలాలి. 6–8 వారాలు మానాకే కొత్త కొలత. అయితే వేర్లు చీలే చోటు పైకే ఉంటే ఈ పని పెట్టుకోవద్దు. ఆ సందు బయటపడి మెతుకులు ఇరుక్కుంటాయి. అప్పుడు ఇంప్లాంటే సబబు, అదీ కింది దవడ నరానికి 2 మి.మీ. ఎడం ఉందని సీబీసీటీలో (దవడ 3డీ ఎక్స్‌రేలో) చూశాక.

కృష్ణాతీరం:
ఈలోగా ఫెవిక్విక్‌తో పెట్టుకోవచ్చా?

ల్యాబ్‌బల్ల:
వద్దండీ. తడి తగలగానే గట్టిపడుతుంది, క్యాప్ వంకరగా కూర్చుంటుంది, ఆ పొర గోకినా రాదు. ఊరికే పెట్టుకుని పడుకుంటే ఊపిరితిత్తుల్లోకి జారొచ్చు. కడిగి చిన్న డబ్బాలో దాచండి. ఆలస్యం మాత్రం చేయకండి: వారాల తరబడి మోడు తెరిచి ఉంటే ఫిల్లింగు పక్కనుంచి ఉమ్మి దిగి, రూట్ కెనాలే మళ్లీ చేయాల్సొస్తుంది.