పదో తరగతి మార్కులతో ఉపాధ్యాయుడి పనితనాన్ని కొలవవచ్చా?

ప్రశ్న (ఉదయగిరి వైపు హైస్కూలు, గణితం):
మా బడిలో పదో తరగతి పిల్లలు పదహారు మంది. నిరుడు గణితంలో అందరూ గట్టెక్కారు. ఈసారి ఇద్దరు తప్పడంతో ఉత్తీర్ణత 87.5 శాతానికి దిగింది, సమీక్షలో సంజాయిషీ అడిగారు. ఉత్తీర్ణతకు బదులు పిల్లలు ఉన్న స్థాయి నుంచి ఎంత ఎదిగారో లెక్కగట్టే ‘వాల్యూ యాడెడ్’ మోడళ్లు అమెరికాలో ఉన్నాయట. అవి మా మెట్ట ప్రాంతపు బడులకు న్యాయం చేస్తాయా?

జవాబు (కావలి, స్టాటిస్టిక్స్ అధ్యాపకురాలు):
మాస్టారూ, విలియం శాండర్స్ అనే గణాంక శాస్త్రవేత్త రూపొందించిన అటువంటి పద్ధతిని టెన్నెసీ రాష్ట్రం 1992లో చట్టంలోకి తెచ్చింది. స్థూలంగా చెప్పాలంటే, పాత మార్కులను బట్టి ఈ ఏడాది ఎన్ని రావాలో అంచనా వేసి, వచ్చిన వాటితో ఉన్న తేడాల సగటును ఉపాధ్యాయుడి ఖాతాలో వేస్తారు. చిక్కంతా ఆ తేడా ఎవరి వల్ల వచ్చిందన్న దగ్గరే. అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ 2014 ప్రకటన ప్రకారం, చాలా అధ్యయనాల్లో మార్కుల హెచ్చుతగ్గుల్లో ఉపాధ్యాయుల వాటా సుమారు 1 నుంచి 14 శాతమే. మీ తరగతిలో ఒక్క పిల్లవాడే 6.25 శాతం, పరీక్షనాడు వాడికి జ్వరం వస్తే మీ స్థానం మారిపోతుంది. మూడేళ్లు కలిపినా నలభై ఎనిమిది మందే కనుక, ఎవరు ఏ అంకె చూపినా అది ఎంత అటూఇటూ కావచ్చో కూడా చెప్పమనండి.

జవాబు (ఒంగోలు, విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు):
అమ్మా, అసలు ఆ పాత మార్కులు ఎక్కడివి? పదో తరగతి పేపర్లు స్పాట్ వాల్యుయేషన్ కేంద్రంలో బయటివారు దిద్దుతారు, తొమ్మిదో తరగతివి బడిలోనే దిద్దుకుంటాం. తొమ్మిదిలో ధారాళంగా మార్కులు వేసిన బడి మీ మోడల్‌లో నష్టపోతుంది, బిగించి వేసిన బడి ఘనంగా కనిపిస్తుంది. ఆ కిటుకు మావాళ్లకు తెలియడానికి ఒక్క ఏడాది చాలు. తల్లిదండ్రులు బేల్దారి పనికి హైదరాబాదు వెళితే అవ్వ దగ్గర ఉండి చదువుకునే పిల్లల సంగతి ఏ గడిలో రాస్తారు?

జవాబు (కావలి అధ్యాపకురాలు):
వలస విషయంలో నా అభిప్రాయం కొంత వేరు, సార్. ఇంటి పరిస్థితి ఏటా అదే అయితే దాని ప్రభావం పాత మార్కుల్లోనే చాలావరకు ఇమిడి ఉంటుంది. ఏడాది మధ్యలో మారితేనే మోడల్‌కు అందదు. తొమ్మిదో తరగతి మార్కుల మాట మాత్రం కాదనలేను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ చేసిన ప్రయోగంలో, మార్కుల మెరుగుదలకు ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చిన బడుల పిల్లలు, బోనస్ లేని బడుల పిల్లల కంటే రెండేళ్లకు గణితంలో 0.27 ప్రామాణిక విచలనం (మార్కులు సగటు నుంచి ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ముందున్నారు. అయితే అక్కడ బడులను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నారు, పరీక్షలు బయటివారు పెట్టారు.

ప్రశ్న అడిగినవారు:
తొమ్మిదో తరగతి పేపర్లను పక్క మండలం మాస్టార్ల చేత దిద్దిస్తే?

జవాబు (ఒంగోలు):
దిద్దించండి, పేర్లు కనబడకుండా కోడ్ నంబర్లు వేసి. ప్రశ్నపత్రం కూడా అన్ని బడులకూ ఒకటే ఉండాలి.