బిత్తిరి, ఎడ్డి, లత్కోర్: స్కిట్లలో నవ్వించే మనుషుల పేర్లు

టీవీ స్కిట్లలో ఏవి బాగా నవ్వించాయని మొన్న మా ఆన్‌లైన్ గుంపులో ఒకరు అడిగారు. చాలామంది ఈటీవీ జబర్దస్త్ పాత స్కిట్లనూ, వీ6 ఛానల్ తీన్మార్ వార్తల్లోని ముక్కలనూ గుర్తు చేశారు. మధ్యలో ఒక సభ్యుడు "ఇదంతా బిత్తిరి కామెడీ, చవకబారు సరుకు" అని ఒక్క మాటలో తేల్చేశారు. స్కిట్లు నచ్చడం నచ్చకపోవడం ఆయన ఇష్టం. కానీ బిత్తిరి అంటే చవకబారు అన్న అర్థం మాత్రం మా హనుమకొండ, వరంగల్ వైపు లేదు. మంచి మాట, దానికి తనదైన చోటు ఉంది. అందుకే విడిగా రాస్తున్నాను.

బిత్తరపోవడం, బిత్తర చూపులు అందరికీ తెలిసినవే. ఉలిక్కిపడి, ఏం జరుగుతోందో అందక, కళ్ళు అటూ ఇటూ తిప్పడం. పాత నిఘంటువుల్లో బిత్తరి అంటే విలాసవతి అయిన స్త్రీ అని ఉంటుంది. ఈ రెండు అర్థాలూ నిలకడ లేని చూపు దగ్గర కలుస్తాయని నా అభిప్రాయం. పండితులు ఎవరైనా కాదంటే వింటాను. మా వాడుకలోకి వచ్చేసరికి ఆడా మగా తేడా పోయింది. బిత్తిరోడు, బిత్తిరిది, బిత్తిరి మాటలు, బిత్తిరి చేష్టలు, అన్నీ అంటాం. అడవి మన నోట్లో అడివి అయినట్టే బిత్తరి బిత్తిరి అయింది.

మరి ఎవరిని అంటాం? తెలివి లేనివాణ్ణి కాదు. దానికి వేరే మాటలు ఉన్నాయి. చెప్పింది తలకెక్కనివాడు ఎడ్డోడు. ఒంటి మీద ధ్యాస లేనివాడు సోయి లేనోడు. లేనిపోని గొప్పలు చెప్పుకునేవాడు గప్పాలు కొట్టేటోడు. ఎన్నిసార్లు తన్నులు పడ్డా బుద్ధి రానివాడు లత్కోర్. ఈ చివరిది ఉర్దూ నుంచి వచ్చింది: లాత్ అంటే తన్ను, ఖోర్ అంటే తినేవాడు. హరాంఖోర్‌లో ఉన్న ఖోరే ఇదీ. వీళ్ళందరి పక్కన బిత్తిరోడు వేరే మనిషి. అతనికి అన్నీ కనబడుతున్నాయి, అన్నీ వినబడుతున్నాయి. లోకం ఇలా ఎందుకు నడుస్తోందో మాత్రం అర్థం కాదు. అర్థం కానిదాన్ని దాచుకోకుండా అడిగేస్తాడు. మనం సిగ్గుపడి అడగని ప్రశ్న అది.

తేడా తెలియాలంటే ఒకే సందర్భం తీసుకుని చూద్దాం. ఇది నేను కల్పించింది, ఏ ఛానల్‌లోనూ వచ్చింది కాదు. పింఛను తీసుకునేవాళ్ళు ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి కదా. ఒక పెద్దాయన ఆఫీసులో కిటికీ ముందు నిలబడ్డాడు.

"సార్, నేనే అచ్చిన గద. నన్ను జూసి రాసుకోరాదుండ్రి?"
"అట్ల కుదరదు పెద్దాయనా. నువ్వు బతికున్నట్టు కాయితం కావాలె."
"పోయినేడు ఇచ్చిన గద సార్."
"అది పోయినేడు బతికున్నట్టు. ఈ ఏడు బతికున్నట్టు కావాలె."
"గట్లనా. అయితే సార్, అచ్చే ఏడుది గూడ ఇప్పుడే రాసియ్యుండ్రి. అప్పటికి నేను ఉంటనో లేనో, మళ్ళ ఎవలు అస్తరు?"

ఇదీ బిత్తిరి. ఆ పెద్దాయన ఎవరినీ వెక్కిరించడం లేదు. ఆఫీసరు చెప్పిన లెక్కనే నమ్మి, ఇంకో మెట్టు ముందుకు వేశాడు. నవ్వు వచ్చి పడింది కాయితం మీద, ఆ రూలు మీద. (అచ్చిన, అస్తరు అని రాసింది కావాలనే. కరీంనగర్, జగిత్యాల వైపు మాటల్లో మొదటి వకారం అలా జారిపోతుంది. వరంగల్‌లో మేము వచ్చిన, వస్తరు అంటాం. పెద్దాయనది అటు ఊరు అనుకోండి.)

అదే కిటికీ దగ్గరికి ఎడ్డోణ్ణి పంపండి. ఫొటో తెమ్మంటే ఇంటికి పోయి, దండ వేసి ఉన్న నాయన ఫొటోను గోడ మీది నుంచి ఊడదీసి, ఫ్రేముతో సహా చంకలో పెట్టుకుని వస్తాడు. చూడగానే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు అతని మీదనే. గప్పాలోణ్ణి పంపితే "గీ ఆఫీసు జాగ మా తాత దానమిచ్చిందే, కలెక్టర్ సాబ్ పొద్దుగాల చాయ్ మా ఇంట్లనే తాగుతడు" అని మొదలుపెడతాడు. లత్కోర్ అయితే ఎప్పుడో పోయిన నాయన పేరు మీద పింఛను ఎత్తుతూ దొరికిపోతాడు. పోయినేడు కూడా దొరికాడు, అయినా మళ్ళీ వచ్చాడు.

పంచ్ స్కిట్ దారి పూర్తిగా వేరు. అందులో క్లర్కే "నువ్వు బతికున్నవని నీ బ్యాంకు బ్యాలెన్స్ గూడ ఒప్పుకుంటలేదు" అంటాడు. జనం చప్పట్లు కొడతారు, కథ అక్కడే ఆగి తర్వాతి పంచ్ కోసం ఎదురుచూస్తుంది. ఈటీవీలో 2013లో మొదలైన జబర్దస్త్‌లో ఈ పద్ధతిని హైపర్ ఆది పతాక స్థాయికి తీసుకుపోయారు. మాట మీద మాట, ఊపిరి తీసుకునే సందు ఉండదు. ఆటో రాంప్రసాద్ పంచ్‌లకైతే ఆటో పంచ్ అని పేరే పడిపోయింది. ఇవి నవ్వించవని నేను అనడం లేదు, గట్టిగా నవ్విస్తాయి. కానీ పంచ్ వేసేవాడు లోకం తెలిసినవాడు. ఎదుటివాడి కంటే ఒక అడుగు పైన నిలబడి మాట్లాడతాడు. బిత్తిరోడు ఎప్పుడూ కింద నిలబడి పైకి చూస్తూ అడుగుతాడు. అందుకే పంచ్ స్కిట్లను బిత్తిరి కామెడీ అనడం మాట పరంగానే తప్పు.

జబర్దస్త్‌లోనే చమ్మక్ చంద్ర చేసిన మొగుడూ పెళ్ళాల స్కిట్లలో భర్త పాత్ర చాలాసార్లు లత్కోర్ జాతిదే. అబద్ధం ఆడతాడు, దొరుకుతాడు, తన్నులు తింటాడు, వెంటనే ఇంకో అబద్ధం వెతుక్కుంటాడు. ఆ పరుగును ఆయన ఒళ్ళంతా కదిలించి ఆడతారు. మాటలు తీసేసి చూసినా అర్థమయ్యే హాస్యం అది. గెటప్ శ్రీను సంగతి ఇంకోటి. ఆయన వేషం కట్టగానే పాత్ర నడక, గొంతు, మెడ తిప్పే తీరు కూడా మారిపోతాయి. పగటి వేషగాళ్ళు మా ఊళ్ళకు వచ్చి ఇంటింటి ముందూ ఆడిన ఆట తెలిసినవాళ్ళకు ఆ నేర్పు విలువ తెలుస్తుంది.

ఇక బిత్తిరి మాటను రాష్ట్రమంతా మోసుకుపోయిన మనిషి దగ్గరికి వద్దాం. వీ6 ఛానల్ తీన్మార్ వార్తల్లో బిత్తిరి సత్తిగా కనిపించిన చేవెళ్ల రవి. సత్తి అనేది సత్తయ్యకో, సత్తిరెడ్డికో, సత్యనారాయణకో మన ఊళ్ళలో ఉండే పిలుపు. పేరులోనే పక్కింటి మనిషి ఉన్నాడు. జుట్టు, అంగీ, నడక, అన్నీ కలిపి ఒక వేషం. ఎదురుగా వార్తలు చదివే సావిత్రి, అంటే శివజ్యోతి. ఆమెది నిజామాబాద్ జిల్లా, ఆయనది చేవెళ్ల ప్రాంతం. తెలంగాణలోని రెండు మూలల మాట తీరు ఒకే తెర మీద వాదులాడుకునేది. తెలంగాణ వచ్చిన 2014 తర్వాతి ఏళ్ళలో రాత్రిపూట ఆ కార్యక్రమం కోసం టీవీ ముందు కూర్చోని ఇల్లు మా వాడలో అరుదు.

ఆ ముక్కల్లో నాకు అన్నిటికంటే నచ్చేది అమరిక. సావిత్రి వార్త చెబుతుంది, సత్తికి అది అర్థం కాదు. అర్థం కానితనాన్ని పట్టుకుని అక్కను ప్రశ్న మీద ప్రశ్న అడుగుతాడు. విసుక్కుంటూనే ఆమె విడమర్చి చెప్పాల్సి వస్తుంది. విడమర్చేకొద్దీ ఆ వార్తలోని వంకర బయటపడుతుంది. ఇంతకుముందు మన సినిమాల్లో తెలంగాణ మాటను ఎక్కువగా రౌడీకో, నవ్వులపాలయ్యే పాత్రకో ఇచ్చేవారు. యాస వినబడితే చాలు, నవ్వాలి. తీన్మార్‌లో వార్త చదివే మనిషిది అదే యాస, ప్రశ్న అడిగేవాడిదీ అదే. ఇద్దరూ ఒకే భాష మాట్లాడుతున్నప్పుడు యాసను చూసి నవ్వడానికి ఏముంటుంది? విషయాన్ని చూసే నవ్వాలి. మన మాటకు టీవీ ఇచ్చిన గౌరవాల్లో దీన్ని నేను చాలా పెద్దదిగా లెక్కిస్తాను. ఆ గౌరవం తెచ్చినవాడు తనను తాను బిత్తిరి అని పిలుచుకున్నాడు. ఆ మాటను చవకబారు అంటే నాకు కష్టంగా ఉండటానికి కారణం ఇదే.

ఆయన 2019లో తుపాకి రాముడు అనే సినిమాలో కూడా నటించారు. ఆ పేరు పాతది. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, చేతిలో కట్టె తుపాకి పట్టుకుని ఊరూరా తిరిగి కోతలు కోసే కళాకారుణ్ణి మా దగ్గర తుపాకి రాముడు అనీ, పిట్టలదొర అనీ, లత్కోర్ సాబ్ అనీ పిలుస్తారు. లేని జాగీరు వర్ణిస్తాడు, చేయని యుద్ధం గెలుస్తాడు. అతనిది గప్పాల హాస్యం, బిత్తిరి హాస్యం కాదు. చిత్రం ఏమిటంటే ఇద్దరూ చివరికి ఒకే పని చేస్తారు. పిట్టలదొర దొరల గొప్పలను పెద్దవి చేసి చూపించి నవ్విస్తాడు, బిత్తిరోడు అవే గొప్పలు అర్థం కాక నవ్విస్తాడు.

ఈ రాత కింద కామెంట్లలో వచ్చిన ప్రశ్నలకు ఇక్కడే జవాబు.

"గంగవ్వ కూడా బిత్తిరి పాత్రేనా?" అని అడిగిన అక్కకు: కాదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మై విలేజ్ షో వాళ్ళు గంగవ్వతో తీసేవి టీవీ స్కిట్లు కావు, యూట్యూబ్ వీడియోలు. అయినా పోలిక పనికొస్తుంది. గంగవ్వ లోకం చూసిన మనిషి, ఎదుటివాళ్ళ బిత్తిరి చేష్టలను కడిగేసే మనిషి. సావిత్రి పక్కన కూర్చోవాలి ఆమె, సత్తి పక్కన కాదు.

"జబర్దస్త్ అనే మాట ఎక్కడిది?" అన్న తమ్ముడికి: పారశీకం. జబర్ అంటే పైన, దస్త్ అంటే చెయ్యి. మన పైచేయి లాంటి మాటే. మనం జేబులో పెట్టుకునే దస్తీలోనూ, రిజిస్ట్రేషన్ ఆఫీసు దస్తావేజులోనూ ఆ చెయ్యే ఉంది. జబర్దస్త్ అంటే అద్భుతం, జబర్దస్తీ అంటే బలవంతం. "జబర్దస్తీగ తినిపిచ్చిన్రు" అని పెళ్ళిళ్ళలో వినబడేది రెండోది.

"బిత్తిరోడు అని పిల్లల్ని ఏడిపిస్తారు, దాన్ని మంచి మాట అని ఎలా అంటారు?" అన్న టీచర్ గారికి కొంచెం వివరంగా చెప్పాలి. మీరు అన్నది నిజం. బడిలో నెమ్మదిగా నేర్చుకునే పిల్లవాణ్ణి, మాట తడబడే పిల్లను ఈ పేరుతో పిలిచి నొప్పించడం ఉంది. అది ఆపాల్సిందే. పక్కన నిలబడి నవ్వే పెద్దలది ఇంకా పెద్ద తప్పు. నేను మంచి మాట అన్నది పాత్రకు పేరుగా. వేషం కట్టినవాడు తన ఇష్టంతో ఆ పేరు తొడుక్కుంటాడు, ఆట అయ్యాక విప్పేస్తాడు. బడిలో పిల్లవాడికి ఆ వీలు లేదు. స్కిట్లకూ ఇదే వర్తిస్తుంది. ఒంటి రంగు మీద, లావు మీద, ఆడవేషం కట్టిన మగవాళ్ళ మీద వేసే జోకులను ఎవరైనా చవకబారు అంటే నేను వాళ్ళ వైపే. కానీ వాటిని బిత్తిరి అనకండి. బిత్తిరోడు ఎవరి ఒంటినీ చూసి నవ్వడు. అతనికి ఆశ్చర్యపోవడమే వచ్చు.

ఇంకొకరు సినిమా వైపు మళ్ళించారు. ఒక్క మాట చెప్పి ఆపుతాను: జబర్దస్త్ తొలి ఏళ్ళలో స్కిట్లు చేసిన వేణు మన సిరిసిల్ల మనిషి. 2023లో బలగం సినిమా తీసింది ఆయనే. చావు ఇంట్లో కూడా మనుషులు ఎలా నవ్విస్తారో, ఎక్కడ నవ్వు ఆగిపోతుందో ఆయనకు అంత కచ్చితంగా తెలియడంలో స్కిట్ల అనుభవం ఉందని నేను గట్టిగా నమ్ముతాను.

ములుగు, భూపాలపల్లి, ఆదిలాబాద్ వైపు సభ్యులకు ఒక విన్నపం. మీ దగ్గర బిత్తిరి అంటారా, బిత్తరి అంటారా? ఎడ్డోడికీ బిత్తిరోడికీ మీ ఇంట్లో తేడా పాటిస్తారా? తేడా ఉంటే మీ అవ్వలు, తాతలు వాడే వాక్యం యథాతథంగా, ఊరి పేరుతో సహా రాయండి. అర్థం మీరు చెప్పకపోయినా ఫరవాలేదు, వాక్యం కావాలి.