నాలుగో తరగతికి ఘన, ద్రవ, వాయు ప్రయోగాలు: కర్పూరం అంటుకుంటోంది, చెమ్మ అర్థం కావట్లేదు

చాక్‌పీస్_4బి:
32 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. ల్యాబ్ లేదు, ఐస్ మాత్రం బయట దొరుకుతుంది. చల్లటి గ్లాసు బయట చెమ్మ చూపిస్తే సగం మంది "గ్లాసుకి చిల్లు పడింది టీచర్" అంటున్నారు. కర్పూరం ద్రవం కాకుండా నేరుగా ఆవిరవడం చూపిద్దామని గిన్నెను కొవ్వొత్తి మీద పెడితే భగ్గుమంటోంది. వాయువుకి ఏం చూపించాలో తోచట్లేదు.

బీకరు:
చిల్లు అనడం తెలివైన అనుమానమేనండీ, దాన్నే పరీక్షకు పెట్టండి. రెండు స్టీలు గ్లాసుల్లో ముప్పావు వంతు నీళ్ళు పోసి, రెండింట్లోనూ ఎర్ర ఇంకు బాగా కలపండి. ఒకదాన్లోనే ఐస్ వేయండి. బయట పొడిగుడ్డతో తుడిచి పది నిమిషాలు ఆగి, తెల్ల కాగితంతో అద్దండి. తడి అంటుతుంది, ఎరుపు అంటదు. ఐస్ లేని గ్లాసుకి తడే ఉండదు. అంటే ఆ చెమ్మ లోపలి నీళ్ళు కారింది కాదు, బయటి గాలిలోని ఆవిరి చల్లబడి పట్టింది. ఐస్ అంచు దాకా నింపొద్దు. ఎర్రనీళ్ళు ఒక్క చుక్క పొర్లినా ప్రయోగం పోయినట్టే.

తర్వాత ఇంకో గ్లాసులో మూడు వంతుల ఐస్ పొడి, ఒక వంతు ఉప్పు కలపండి. ఇది సున్నా కంటే చాలా కిందికి దిగుతుంది కాబట్టి బయటి చెమ్మ తెల్లటి మంచుపొరగా గడ్డకడుతుంది. ఐస్‌ని గోనెలో వేసి దంచాలి. పెద్ద ముక్కలైతే ఉప్పు అడుక్కి జారిపోతుంది, గ్లాసు అంత చల్లబడదు. ఎండాకాలం పొడిగాలిలో బయట తడిగుడ్డతో ఒకసారి రాయండి. పిల్లల్ని గ్లాసు పట్టుకోనివ్వొద్దు, చర్మం కమిలిపోతుంది.

ఆవిరిబండి:
కర్పూరానికి మంట వద్దు, దాని ఆవిరి తొందరగా అంటుకుంటుంది. రెండు బిళ్ళలు నలిపి చిన్న స్టీలు గిన్నెలో వేసి, స్టవ్ మీంచి దించిన మరిగిన నీళ్ళ పళ్ళెంలో పెట్టండి. నీళ్ళు గిన్నెలోకి రాకూడదు. పైన గాజు గిన్నె బోర్లించి, దాని నెత్తిన ఐస్ నీళ్ళలో ముంచి పిండిన గుడ్డ వేయండి. కాసేపటికి గాజు లోపలివైపు తెల్లని పొడి పడుతుంది. నీళ్ళు చల్లారితే మార్చాలి. ఇది టీచరే చేయాలి, కిటికీలు తీసి. పటికబెల్లంలా కనిపిస్తుంది, నోట్లో పెట్టుకుంటే విషం. నాఫ్తలీన్ గోళీలు అసలే వాడొద్దు.

పిస్టన్:
వాయువుకి సూదిలేని 10 మి.లీ. సిరంజి చాలు. పిస్టన్ 10 దాకా లాగి, ముక్కు వేలితో మూసి నొక్కితే దాదాపు సగానికి దిగుతుంది, వదిలితే వెనక్కొస్తుంది. రబ్బరు రాపిడి వల్ల సరిగ్గా 10కి రాదు, అది ముందే చెప్పండి. అదే నీళ్ళతో నింపితే కదలదు. లోపల ఒక్క బుడగ మిగిలినా కొంచెం దిగుతుంది, "నీళ్ళూ నొక్కుకుంటాయి" అని రాసేసుకుంటారు. ముక్కు పైకి పెట్టి, గోటితో తట్టి, బుడగ వెళ్ళగొట్టాకే మూయాలి.

వంటసోడా, వెనిగర్, బెలూన్ ప్రయోగం ఈ పాఠంలో కలపకండి. అక్కడ స్థితి మారడం కాదు, కొత్త పదార్థమే పుడుతుంది.

చాక్‌పీస్_4బి:
సిరంజి బాగుంది. ఇంకొకటండీ: ఉప్మా రవ్వ గ్లాసులోకి పోస్తే గ్లాసు ఆకారమే వస్తోంది కదా, అది ద్రవమా అంటే?

బీకరు:
పళ్ళెంలో పోయమనండి. రవ్వ కుప్పగా నిలుస్తుంది, నీళ్ళు పరుచుకుంటాయి. తర్వాత భూతద్దం ఇచ్చి ఒక్క గింజనే చూపించండి. గ్లాసులో ఉన్నా పళ్ళెంలో ఉన్నా గింజ ఆకారం మారదు.