పెన్‌డ్రైవ్ ఎజెక్ట్ కావట్లేదు, ఏ ప్రోగ్రామ్ పట్టుకుందో తెలిసేదెలా?

ప్రశ్న: విండోస్ 11లో ఫైళ్లన్నీ మూసేశాను. అయినా డివైజ్ వాడుకలో ఉందనే వస్తోంది. లాగేయొచ్చా అండీ?

జవాబు 1: లాగకండి. విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్ తెరిచి, సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ (ప్రోగ్రామ్‌లు తెరిచి ఉంచిన ఫైళ్ల వంటి వాటి జాబితా) దగ్గర డ్రైవ్ అక్షరం, పక్కన కోలన్ (E: లాగా) కొట్టి వెతకండి. ఫైల్‌ని పట్టుకున్న ప్రోగ్రామ్ కనిపిస్తుంది. దాన్ని మామూలుగానే మూసేయండి. ఎండ్ ప్రాసెస్ కొడితే సేవ్ కానిదంతా పోతుంది.

జవాబు 2: అక్కడ దొరక్కపోతే ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ నమోదు చేసిన సంఘటనలు చూపే టూల్) విండోస్ లాగ్స్, అందులో సిస్టమ్ చూడండి. కెర్నల్-పీఎన్‌పీ (Kernel-PnP, డివైజ్‌లను చూసుకునే విండోస్ భాగం) పేరుతో ఉన్న 225 నంబర్ ఈవెంట్‌లో అడ్డుపడిన ప్రోగ్రామ్ పేరు, ప్రాసెస్ ఐడీ ఉంటాయి. చాలాసార్లు యాంటీవైరస్ స్కానో, ఆ డ్రైవ్ ఫోల్డర్‌లోనే తెరిచి వదిలేసిన కమాండ్ విండోనో అయివుంటుంది.

జవాబు 3: ఏదీ కుదరకపోతే షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ చేయండి, పూర్తిగా ఆగాక తీయండి. క్విక్ రిమూవల్ (ఎజెక్ట్ చేయకుండానే తీసేందుకు వీలిచ్చే విండోస్ సెట్టింగ్) ఉంది కదా అనుకోవద్దు. అది రైట్ క్యాషింగ్‌ని (write caching, రాయాల్సిన డేటాను ముందు మెమరీలో ఉంచుకోవడం) ఆపుతుంది గానీ, సగంలో ఉన్న కాపీని కాపాడదు.