కన్నడ, మలయాళం నుంచి నేరుగా తెలుగులోకి వచ్చిన నవలలు చెప్తారా?

అందరికీ నమస్తే. మేం ఎనిమిది మందిమి నెలకో నవల చదివి, ఆదివారం సాయంత్రం ఫోన్లో మాట్లాడుకుంటాం. 2025లో బాను ముష్తాక్ గారి కన్నడ కథలకి ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చినప్పటి నుంచి పక్క భాషల్లో ఇప్పుడు రాస్తున్నవాళ్లని చదవాలని అందరికీ ఒకటే పట్టుదల. పోయిన నెల చదివిన మలయాళ అనువాదంలో ఒకే మనిషి ఒక పేజీలో బాబాయి, తర్వాతి పేజీలో మామయ్య అయిపోయాడు, ఇంగ్లీషులో ‘అంకుల్’ చూసి చేశారేమోనని నా అనుమానం, సగం చర్చ ఆ చుట్టరికం తేల్చడానికే సరిపోయింది. చాలా బాధేసింది. 2000 తర్వాత రాసినవి, మూలం నుంచి నేరుగా అనువాదమైనవి మీరు చదివుంటే పుస్తకం పేరు, అనువాదకుల పేరు చెప్పండి. మాలో ఇద్దరు పెద్దవాళ్లున్నారు, అక్షరాలు మరీ చిన్నగా ఉంటే చదవలేరు, అది కూడా చెబితే మేలు. అసలు ఏ భాష నుంచి చేశారో కొనేముందే ఎలా కనుక్కుంటారు?